అగాధ జలాల అన్వేషి: ఆల్కాక్

విశాఖపట్టణంలో డాల్ఫిన్స్ నోస్ కొండపై నిలిచి తూర్పు దిక్కుకు చూసినవారికి నౌకలు బారులు తీరి కనిపిస్తాయి. ఉక్కు కర్మాగారానికి బొగ్గు తెచ్చే ఓడలు, ఖనిజాన్ని మోసుకుపోయే ఓడలు రేవులో చోటు దొరికేవరకు అక్కడే లంగరు వేసుకుని ఉంటాయి. అవి నిలిచినచోట నీటి లోతు తక్కువే. అక్కడినుంచి మరికొన్ని పదుల కిలోమీటర్లు తూర్పుగా సాగితే సముద్రపు అడుగు ఒక్కసారిగా వాలిపోతుంది. ఆ వాలుమీద నదీలోయలను తలపించే గండ్లున్నాయి. అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు లాఫాండ్ 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసి, వాటిలో కొన్నింటికి ఆంధ్ర, కృష్ణ, మహదేవన్ అనే పేర్లు పెట్టాడు. అంతకు ఏడు దశాబ్దాలకు ముందు ఈ నీటి అడుగున ఏముందో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని వలలు దించినవారిలో ముఖ్యుడు ఆల్‌ఫ్రెడ్ విలియం ఆల్కాక్.

ఆల్కాక్ 1859 జూన్ 23న బొంబాయిలో జన్మించాడు. తండ్రి జాన్ ఆల్కాక్ ఓడ కెప్టెను. బాలుడి చదువు ఇంగ్లండులో సాగింది. అయితే తండ్రికి ఆస్తినష్టం కలగడంతో అది మధ్యలోనే ఆగిపోయింది. 1876లో పదిహేడేళ్ల ప్రాయంలో అతడిని బతుకుతెరువు కోసం భారతదేశానికి పంపారు. వయనాడు కొండలలోని కాఫీ తోటలలో అతనికి ఆశ్రయం దొరికింది. కాఫీ వ్యాపారం అప్పటికే సన్నగిల్లుతూ ఉంది. తోటపనిలో ఎదుగుదల లేకపోయినా, అడవిలో తిరిగే అవకాశం మాత్రం కావలసినంత దొరికింది. చెట్లను, పురుగులను, పక్షులను గమనించే అలవాటు అక్కడే మొదలైంది.

ఆ తరువాత కళ్లికోటలో ఒక వ్యాపార కార్యాలయంలో గుమాస్తాగిరీ చేశాడు. అక్కడినుంచి పురూలియా చేరి, అస్సాం తేయాకు తోటలకు కూలీలను సమకూర్చే పనిలో 1880 వరకు గడిపాడు. ఆ ఉద్యోగం గౌరవప్రదమైనదని చెప్పలేము. తేయాకు తోటలకు తరలిన కూలీల కష్టాలు చరిత్రకు ఎక్కినవే. ఆల్కాక్ ఆ పనిలో ఉంటూనే తీరిక వేళల్లో జంతుశాస్త్ర గ్రంథాలు తెచ్చుకుని, గురువు లేకుండా చదువుకున్నాడు. డార్జిలింగులో ఒక పాఠశాలలో కొద్దికాలం ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. 1881లో స్కాట్లండుకు వెళ్లి అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. తోటి విద్యార్థులకంటే వయసులో పెద్దవాడు, చేతిలో డబ్బు లేనివాడు అయినా నాలుగేళ్లలో వైద్యపట్టా పుచ్చుకున్నాడు. ప్రకృతిశాస్త్రంలో నికల్సన్ అతని ఆచార్యుడు.

1885లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, వాయవ్య సరిహద్దులోని పటాలాలకు వైద్యుడిగా రెండు సంవత్సరాలకు పైగా పనిచేశాడు. తుపాకి గాయాలకు కట్లు కడుతూ జీవితం గడిచిపోయేదే కాని, 1888లో ఒక ఉద్యోగం ఖాళీ అయింది. అది భారత సముద్ర సర్వే శాఖకు చెందిన ఇన్వెస్టిగేటర్ అనే ఓడలో వైద్యుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు అనే రెండు బాధ్యతలు గల పదవి. ఆల్కాక్ ఆ పదవిలో నియుక్తుడయ్యాడు. అప్పటికి అతని వయసు ఇరవై తొమ్మిది.

ఆ పదవి విలువ తెలియాలంటే అప్పటి శాస్త్రపరిస్థితి కొంత తెలియాలి. 1840లలో ఎడ్వర్డ్ ఫోర్బ్స్ అనే శాస్త్రజ్ఞుడు సముద్రంలో మూడు వందల బారల లోతు దాటితే ప్రాణి ఉండదని ఊహించాడు. బార అంటే మన బెస్తవారి కొలత. చేతులు రెండూ బారజాపినంత, అంటే ఆరడుగులు. వెలుగు లేక, మొక్క మొలవక, చలి కొరికివేసే ఆ చోట, తలపై కొండంత నీటి బరువుతో ఏ జీవి మాత్రం బతుకుతుంది? ఈ ఊహను చాలామంది చాలాకాలం నమ్మారు. 1872 నుంచి 1876 వరకు ప్రపంచ సముద్రాలను చుట్టిన ఛాలెంజర్ నౌక అది తప్పని నిస్సందేహంగా నిరూపించింది. కాని ఛాలెంజర్ బంగాళాఖాతంలోకి గాని, అరేబియా సముద్రంలోకి గాని రాలేదు. మన సముద్రాల అడుగు తెరవని పుస్తకంగా మిగిలిపోయింది.

ఇన్వెస్టిగేటర్ 1881లో బొంబాయి నౌకాశాలలో జలప్రవేశం చేసిన చెక్క ఓడ. ఇరుపక్కల చక్రాలు తిప్పుకుంటూ ఆవిరితో నడిచేది. దాని అసలు పని జంతువులను పట్టడం కాదు, తీరాల లోతులు కొలిచి నావికులకు పటాలు తయారుచేయడం. ఆ పనికి అడ్డం రానప్పుడే ప్రకృతి శాస్త్రజ్ఞుడికి వల దించే వీలు దొరికేది. ఆల్కాక్ చేరేనాటికి సర్వే అధిపతిగా ఉన్న కమాండర్ ఆల్‌ఫ్రెడ్ కార్పెంటర్ పూర్వం ఛాలెంజర్ నౌకలో పనిచేసినవాడు. కనుక అగాధజీవుల మీద అతనికి ఆసక్తి ఉండడం ఆల్కాక్ అదృష్టమనే చెప్పాలి.

వాన కాలం వెళ్లాక అక్టోబరు ప్రాంతంలో ఓడ బయలుదేరేది. అండమాను దీవులు, లక్కదీవులు, సింహళం, కోరమాండల్ తీరం, ఇలా వేసవి వరకు తిరిగేది. గంజాం తీరానికి ఎదుట, గోదావరి డెల్టాకు ఎదుట అది వలలు దించింది. విశాఖపట్టణం ఈ రెంటికీ నడుమ ఉంది. అప్పుడు విశాఖలో లోపలి రేవు లేదు. ఓడలు తీరానికి దూరంగా ఆగితే, సరుకులను మసూలా పడవల మీద అలలను దాటించి ఒడ్డుకు చేర్చేవారు. వాన కాలం తిరిగి రాగానే ఆల్కాక్ కలకత్తాకు వెళ్లి, ఇండియన్ మ్యూజియంలో కూర్చుని తాను తెచ్చిన సీసాలను విప్పేవాడు.

వేయి బారల లోతులో వల వేయడమంటే మాటలు కాదు. ఇనుప చట్రానికి కట్టిన సంచివంటి వలను ఉక్కుతాడుతో దించాలి. వల నేలను తాకి ఈడ్చుకు రావాలంటే లోతుకంటె చాలా ఎక్కువ తాడు వదలాలి. దించడానికి, ఈడ్చడానికి, తిరిగి ఎత్తడానికి గంటలు పట్టేది. తాడు తెగితే వలతోపాటు రోజంతా పడిన శ్రమ పోయినట్లే. వల పైకి వచ్చినా అందులో బురద తప్ప ఏమీ లేకపోవచ్చు. బంగాళాఖాతపు అడుగు మరీ బురదమయం. గంగ, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చిన ఒండ్రు అక్కడ పేరుకుంటుంది. ఆ అడుసును నీటితో కడిగి, జల్లెడ పట్టి, వేళ్లతో వెదకి జీవులను ఏరాలి. ఎండకు అవి చెడిపోకముందే సారాయంలో వేసి, దొరికిన చోటు, లోతు, తేదీ చీటీ మీద వ్రాసి సీసాలో పెట్టాలి. చీటీ లేని సీసా శాస్త్రానికి పనికిరాదు. ఆ తాళ్లు లాగినవారిలో అధికులు భారతీయ కళాసీలు. వారి పేర్లు ఏ గ్రంథం ముఖపత్రం మీదా కనిపించవు.

ఇలా దొరికిన జీవులలో బాథినోమస్ ఒకటి. దాని కథ కొంత వివరంగా తెలుసుకోదగినది.

తడినేల మీద పూలకుండీ ఎత్తి చూస్తే దాని కింద బూడిదరంగు చిన్న పురుగులు పరుగెడతాయి. కొన్ని తాకగానే గుండులా చుట్టుకుంటాయి. రోకలిబండ కూడా చుట్టుకుంటుంది గాని దానికి కాళ్లు లెక్కలేనన్ని, వీటికి ఏడు జతలు మాత్రమే. అవన్నీ ఇంచుమించు ఒకే పోలికలో ఉంటాయి గనుక ఈ క్రమానికి ఐసోపోడా, అంటే సమపాదులు అని పేరు వచ్చింది. రొయ్యలకు, పీతలకు ఇవి దాయాదులు. ఇప్పటికి పదివేలకు పైగా జాతులు తెలుసు. చాలావరకు వేలిగోరు దాటని ప్రాణులే. అటువంటిది, 1879లో ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు ఆల్ఫాన్స్ మిల్న్ ఎడ్వర్డ్స్ జానెడు పొడవును మించిన సమపాదిని ప్రపంచానికి పరిచయం చేశాడు. అలెగ్జాండర్ అగాసీ మెక్సికో సింధుశాఖ అడుగునుంచి దానిని పైకి తెచ్చాడు. ఏ పాత ప్రజాతిలోనూ అది ఇమడలేదు. అందువల్ల దానికి కొత్త ప్రజాతిని ఏర్పరచి బాథినోమస్ అని, జాతికి గిగాంటియస్ అని పేరు పెట్టాడు. మొదటి పదంలో లోతు అనే అర్థం, రెండవ పదంలో మహాకాయం అనే అర్థం ఇమిడి ఉన్నాయి.

పరిమాణం ఒక్కటే కొత్త ప్రజాతికి ఆధారం కాజాలదు. ఏనుగు గున్న చిన్నదైనా ఏనుగే. మిల్న్ ఎడ్వర్డ్స్ చూసినది శరీరనిర్మాణాన్ని. ఈ జీవి ఉదరం కింది ఉపాంగాల మొదళ్లలో కుచ్చులవలె శాఖలు చీలిన మొప్పలున్నాయి. సామాన్య సమపాదులకు అవి లేవు. పెద్ద శరీరానికి కావలసిన ప్రాణవాయువును చిన్న రేకులు అందించలేవు కనుక ఈ అదనపు అమరిక అవసరమైంది. కళ్లు తల పైభాగాన కాక కిందివైపు తిరిగి ఉన్నాయి. ఒక్కొక్క సంయుక్త నేత్రంలో వేల సంఖ్యలో పలకలున్నాయి. వెలుగు చేరని చోట ఇన్ని పలకల కన్ను దేనికన్న ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలాకాలం ఆలోచింపజేసింది.

మిల్న్ ఎడ్వర్డ్స్ చేతికి వచ్చింది ఒకే ఒక నమూనా. అది కూడా ఎదగని మగది. పూర్తిగా ఎదిగినప్పుడు ఎలా ఉంటుంది, ఆడది ఎలా ఉంటుంది అన్నవి తెలియకుండానే ప్రజాతికి పేరు ఏర్పడింది. 1891 వరకు ఆడజీవి శాస్త్రజ్ఞుల కంటపడలేదు. సమపాదులలో ఆడది తన గుడ్లను పొట్టకింద పలకలతో ఏర్పడిన సంచిలో మోస్తుంది. పిల్లలు కడపటి కాళ్ల జత లేకుండా బయటికి వస్తాయి. పెద్దల పోలికే గాని సంఖ్య తక్కువ. పిల్లను, పెద్దను, ఆడను, మగను వేర్వేరు జాతులుగా పొరబడే ప్రమాదం ఇలాంటి చోటే పొంచి ఉంటుంది.

అదే 1891లో కలకత్తా మ్యూజియం అధిపతి వుడ్ మేసన్, ఆల్కాక్ కలిసి ఇన్వెస్టిగేటర్ ఫలితాలను ప్రకటిస్తూ, భారత సముద్రాల అగాధంలో కూడా బాథినోమస్ ఉన్నదని తెలిపారు. ప్రజాతి విషయంలో వారికి సందేహం లేదు. మొప్పల కుచ్చులు, కళ్ల తీరు, తోక పలక అంచున వరుసగా ఉన్న ముళ్లు స్పష్టంగా సాక్ష్యమిచ్చాయి. చిక్కల్లా జాతి దగ్గరే వచ్చింది. మెక్సికో ఎక్కడ, భారతదేశం ఎక్కడ? ఈ రెండుచోట్ల ఒకే జాతి ఉండగలదా? అగాధజలం ప్రపంచమంతటా ఒకే తీరున చల్లగా, చీకటిగా ఉంటుంది కనుక అక్కడి జీవులు కూడా ఒక్కటే కావచ్చునని అప్పటివారి తలంపు. పోల్చి చూడడానికి ఉన్న నమూనాలు వేళ్ల మీద లెక్కపెట్టదగినవి. కాబట్టి వారు తమ నమూనాను గిగాంటియస్ అనే పేరుతోనే నమోదు చేశారు. తొందరపడి కొత్త పేరు పెట్టి కీర్తి పొందే అవకాశం చేతిలో ఉన్నా దానిని వాడుకోలేదు. అప్పటి ఆధారాలను బట్టి చూస్తే అది వివేకమైన నిర్ణయమే.

1893లో వుడ్ మేసన్ స్వదేశానికి పోతూ దారిలో, సముద్రం మీదనే మరణించాడు. ఆల్కాక్ మ్యూజియం అధిపతి అయ్యాడు. ఆ తరువాత పదమూడేళ్ల కృషిని ఇక్కడ క్లుప్తంగానే చెప్పవచ్చు, ఎందుకంటే అది ఎక్కువభాగం బల్లముందు కూర్చుని చేసిన పని. భారత సముద్రాల పీతలపై వరుస వ్యాసాలు, 1899లో అగాధ మత్స్యాల వివరణ పట్టిక, 1901లో అగాధ క్రస్టేషియన్ల పట్టిక వెలువడ్డాయి. మధ్యలో 1895లో పామీరు సరిహద్దు సంఘంతో మంచుకొండలకు వెళ్లి అక్కడి జంతువులను గురించి కూడా ఒక నివేదిక వ్రాశాడు. రే చేపలలో కొన్ని తల్లి గర్భంలోనే పిల్లను ఒక విధమైన పాలతో పోషిస్తాయని ఆయన, వుడ్ మేసన్ కలిసి చూపిన విషయం అప్పట్లో విశేషమైన ఆసక్తిని రేపింది. 1901లో లండన్ రాయల్ సొసైటీ ఆల్కాక్‌ను సభ్యుడిగా ఎన్నుకుంది.

ఇన్వెస్టిగేటర్ జీవుల చిత్రపటాలు 1892 నుంచి సంపుటాలుగా రాసాగాయి. వాటిని గీసినవారు ఇద్దరు వంగదేశీయులు, ఎ.సి. చౌధురి, ఎస్.సి. మండల్. రొయ్య మీసంలోని కణుపులను, పీత డెక్కమీది గరుకును కూడా వదలకుండా గీశారు. సారాయంలో రంగు వెలిసిపోయిన నమూనాకంటె ఆ చిత్రం కొన్నిసార్లు ఎక్కువ చెబుతుంది. ఆల్కాక్ వర్ణనలకు ఎంత విలువ ఉందో ఈ చిత్రాలకూ అంత విలువ ఉంది. నేటికీ జాతులను గుర్తించేవారు ఆ పటాలను తిరగవేస్తూనే ఉన్నారు.

1902లో ఆల్కాక్ తన సముద్రయానాలను సామాన్య పాఠకుల కోసం ఒక గ్రంథంగా వ్రాశాడు. అందులో శాస్త్రంతోపాటు చమత్కారం కూడా ఉంది. 1906లో ఆయన కలకత్తా మ్యూజియాన్ని విడిచిపెట్టాడు. ఆ తరువాత లండన్ ఉష్ణమండల వైద్య విద్యాలయంలో అధ్యాపకుడై, వ్యాధులను మోసే పురుగులను గురించి వైద్యులకు బోధించాడు. 1911లో వెలువడిన ఆయన కీటకశాస్త్ర గ్రంథం ఆ బోధన నుంచి పుట్టినదే. సముద్రాన్ని వదిలి దోమలను చేపట్టడం చూసేవారికి వింతగా తోచవచ్చు. కాని దోమకాలి మీది మచ్చలు చూసి జాతిని చెప్పడానికి, బాథినోమస్ తోకముళ్లు లెక్కించి జాతిని చెప్పడానికి కావలసిన చూపు ఒక్కటే.

ఆయన భారతదేశం విడిచినా సీసాలు ఇక్కడే ఉన్నాయి. ఇన్వెస్టిగేటర్‌లో తరువాత పనిచేసిన వైద్యుడు లాయిడ్ భారత సముద్రాల బాథినోమస్‌ను కోసి చూసి, దాని అంతర్నిర్మాణాన్ని 1908లో ఇండియన్ మ్యూజియం ప్రచురణలలో వివరించాడు. ఆల్కాక్ కింద 1904లో ఉపాధిపతిగా చేరిన అన్నండేల్ పట్టుదలతో, మ్యూజియంలోని జంతుశాస్త్ర విభాగం 1916 జులై 1న భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థగా రూపొందింది.

ఆల్కాక్ 1933 మార్చి 24న ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో కన్నుమూశాడు. ఆ సంవత్సరమే అక్టోబరు 7న జలదుర్గ అనే నౌక విశాఖపట్టణపు కొత్త రేవులో ప్రవేశించింది. డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ ఆ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. మసూలా పడవల కాలం అక్కడితో చరిత్రలో కలిసింది.

బాథినోమస్ కథ మాత్రం ఆయనతో ముగియలేదు. జపాను సముద్రపు నమూనాను ఆర్ట్‌మన్ 1894లోనే వేరొక జాతిగా గుర్తించాడు. ఆ తరువాత వివిధ దేశాల వలలలో చిక్కిన నమూనాలు మ్యూజియాలలో పోగవుతూ వచ్చాయి. 2006లో లోరీ, డెంప్సీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు హిందూ, పసిఫిక్ మహాసముద్రాల నమూనాలను ఒక్కచోట చేర్చి, తోకముళ్ల సంఖ్యను, వాటి వంపును, తోక పలక ఆకారాన్ని, ఉపాంగాల కొలతలను పోల్చి చూశారు. గిగాంటియస్ అట్లాంటిక్ మహాసముద్రపు పశ్చిమ భాగానికే పరిమితమని తేలింది. భారత సముద్రాల జీవి ఆ జాతి కాదు. దానికి బాథినోమస్ కీబ్లీ అనే కొత్త పేరు వచ్చింది. ఆ విధంగా నూటపదిహేనేళ్ల పాటు మన జీవి పొరుగు సముద్రపు పేరుతో చలామణి అయింది. ఇప్పటికి ఈ ప్రజాతిలో ఇరవైకి పైగా జాతులు లెక్కకు వచ్చాయి. 2020లో జావా దక్షిణ సముద్రం నుంచి, 2025లో వియత్నాం సముద్రం నుంచి కొత్త జాతులు వెలుగు చూశాయి.

బతికున్న బాథినోమస్‌ను చూసే అవకాశం ఆల్కాక్‌కు ఎక్కువగా దొరకలేదు. అగాధం నుంచి పైకి వచ్చేలోగా చలి, ఒత్తిడి మారి అవి సాధారణంగా చచ్చిపోయేవి. నేడు జపానులో కొన్ని జలప్రదర్శనశాలలు వీటిని చల్లని నీటిలో సజీవంగా పెంచుతున్నాయి. తోబా నగరంలో ఒక జీవి 2009 జనవరిలో ఆహారం తీసుకుని, 2014 ఫిబ్రవరిలో చనిపోయేవరకు మళ్లీ ఏమీ తినలేదు. అన్నేళ్లు అది ఎలా బతికిందో చూసినవారు ముక్కున వేలు వేసుకున్నారు. పైనుంచి రాలిపడే చచ్చిన చేపలు, తిమింగలాల కళేబరాలే అగాధంలో వీటి ఆహారం. అవి ఎప్పుడు పడతాయో తెలియదు. దొరికిన రోజు కడుపు నిండా తిని, లేనిరోజులు కదలకుండా గడపడం వీటికి అలవాటు.

విశాఖపట్టణం ఎదుటి వాలు మీద ఎన్ని రకాల సమపాదులున్నాయో లెక్క ఇంకా పూర్తి కాలేదు. నేటి పరిశోధక నౌకలకు ధ్వని తరంగాలతో లోతును కొలిచే పరికరాలున్నాయి. అయినా జీవి వలలో పడిన తరువాత చేయవలసిన పని ఇన్వెస్టిగేటర్ నాటిదే. బురద కడగాలి, సీసాలో వేయాలి, చోటు, లోతు, తేదీ చీటీ మీద వ్రాయాలి, ముళ్లు లెక్కపెట్టాలి.